ఒకే జబ్బుకి నాలుగు రుజువులు: ఉద్దానం రోగి దగ్గర పెన్షన్ కాగితం, పన్ను కాగితం ఎందుకు కలవవు

క్లుప్తంగా: సిక్కోలు (శ్రీకాకుళం), విజయనగరం జిల్లాల్లో కిడ్నీ జబ్బుతోనో క్యాన్సర్‌తోనో మంచం పట్టిన మనిషికి వచ్చే సాయం ఒక్క చోట నుంచి రాదు. ఆసుపత్రి రోగాన్ని చూస్తుంది, పెన్షన్ ఇల్లంతటినీ చూస్తుంది, ఆదాయపన్ను శాఖ ఒక్క మనిషి పాన్‌ని చూస్తుంది, పీఎఫ్ ఆఫీసు ఉద్యోగం రికార్డుని చూస్తుంది. ఒకరి దగ్గర చెల్లిన కాగితం ఇంకొకరి దగ్గర చెల్లదు, పైగా ఒక చోట పెట్టిన వివరం ఇంకో చోట అడ్డం పడొచ్చు. ఈ చిక్కులు ఎక్కడెక్కడ పుడుతున్నాయి, వేటికి దారి ఉంది, దేనికి తిరగడం దండగ అన్నదే ఈ వ్యాసం.

జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది, కాగితం ఇంకా ఆలస్యం

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య ఉన్న ఊళ్ళనే ఉద్దానం అంటారు, ఇక్కడ కిడ్నీ జబ్బు ఎందుకొస్తుందో ఇప్పటికీ తేలలేదు. నీళ్ళు అన్నారు, ఎండలో పని అన్నారు, పురుగుమందులు అన్నారు, నొప్పి మాత్రలు అన్నారు, పరిశోధకులు చాలామంది వచ్చి శాంపిళ్ళు తీసుకెళ్ళారు, ఇదీ కారణం అని ఒక్కదాన్ని పట్టుకుని చెప్పే పరిస్థితి మాత్రం లేదు. వైద్యుల భాషలో కూడా దీని పేరు కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బే.

ఈ జబ్బు గుణం ఏంటంటే చాలాకాలం బయటికి కనబడదు. కాళ్ళు వాచి, ఆయాసం వచ్చి, అన్నం సయించక ఆసుపత్రికి వెళ్ళేసరికి కిడ్నీలు చాలావరకు పోయుంటాయి. అంటే కాగితాల పని మొదలయ్యే టైముకే మనిషి పని మానేసి ఉంటాడు, అప్పు మొదలై ఉంటుంది, ఇంట్లో తిరగగలిగే మనిషి ఒక్కరే మిగిలుంటారు. ప్రభుత్వ స్కీముల్లో దాదాపు అన్నీ రోగి గానీ ఇంట్లోవాళ్ళు గానీ వచ్చి అడిగితేనే కదులుతాయి. జబ్బు ముదిరేకొద్దీ సాయం అవసరం పెరుగుతుంది, అడిగే ఓపిక తగ్గిపోతుంది, మిగతా చిక్కులన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

డయాలసిస్ టైమ్‌టేబుల్ చూస్తే ఇది ఇంకా తెలుస్తుంది. ఒక్కో సిట్టింగ్ సుమారు నాలుగు గంటలు, వారానికి రెండు మూడు సార్లు, ఊరి నుంచి వెళ్ళి రావడంతో ఆ రోజు మొత్తం పోతుంది, మర్నాడు నీరసం. వారంలో మిగిలేవి ఒకటి రెండు రోజులు, అవి ఆదివారమో సెలవో అయితే అదీ లేదు. గ్రామ సచివాలయం, బ్యాంకు, తహసీల్దార్ ఆఫీసు తెరిచుండే గంటలూ డయాలసిస్ గంటలూ ఒకటే. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, సోమ బుధ శుక్ర షెడ్యూల్‌లో ఉన్న రోగికి ఆ సోమవారం ఎప్పటికీ దొరకదు, ఇంట్లోవాళ్ళని పంపడమే.

ఈ జిల్లాల్లో సాయం ఎలా పెరుగుతూ వచ్చింది

ఆరోగ్యశ్రీ పుట్టింది ఇక్కడే అనొచ్చు, 2007 ఏప్రిల్ 1న మొదటి విడతగా మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి, మిగతావి మహబూబ్‌నగర్, అనంతపురం. 2016 కేంద్ర బడ్జెట్‌లో జాతీయ డయాలసిస్ కార్యక్రమం ప్రకటించారు, పేదలకి జిల్లా ఆసుపత్రుల్లో ఉచితంగా డయాలసిస్ అన్నది దాని ఉద్దేశం. తర్వాత సోంపేట, పలాస, టెక్కలి లాంటి చోట్లకి సెంటర్లు రావడంతో శ్రీకాకుళం రిమ్స్‌కో విశాఖ కేజీహెచ్‌కో వెళ్ళాల్సిన అవసరం చాలామందికి తగ్గింది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరిచారు, హిరమండలం రిజర్వాయర్ నుంచి తాగునీరు తెచ్చే ప్రాజెక్టు కూడా అప్పుడే ప్రారంభించారు. ఆరోగ్యశ్రీ పరిమితి అదే నెలలో ఏడాదికి 25 లక్షలకి పెంచారు, 2024లో ప్రభుత్వం మారాక పథకం పేరు ఎన్టీఆర్ వైద్యసేవ అయ్యింది.

పెన్షన్ సంగతికొస్తే డయాలసిస్ చేయించుకునేవాళ్ళకి నెలకి 10,000 రూపాయలు 2019 తర్వాత నుంచి ఉంది. 2024 జూన్‌లో ఎన్టీఆర్ భరోసా పేరుతో రేట్లు మార్చినప్పుడు డయాలసిస్ పెన్షన్ అలాగే ఉంచి, డయాలసిస్ దాకా రాని కిడ్నీ రోగులకి 5,000 ఉన్నదాన్ని 10,000 చేశారు. ఇందులో షరతు ఉంది, రక్త పరీక్షలో సీరమ్ క్రియాటినిన్ (కిడ్నీ చెడేకొద్దీ పెరిగే లెక్క) 5 దాటాలి, లేదా ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడకట్టే వేగం) 15 కంటే తగ్గాలి, లేదా కిడ్నీ కుంచించుకుపోయినట్టు ఉండాలి. క్రియాటినిన్ 3, 4 మధ్య ఉన్న మనిషి కొబ్బరిచెట్టు ఎక్కలేడు, బరువు మొయ్యలేడు, అయినా ఆ లెక్కలోకి రాడు. గీత ఎక్కడో ఒక చోట గియ్యక తప్పదు, కానీ ఈ గీత వైద్యంలో ఆఖరి దశకి దగ్గరగా గీశారు, కూలి చేసుకునే మనిషి సంపాదన మాత్రం దానికి చాలా ముందే ఆగిపోతుంది. ఆ మధ్యకాలమే అప్పులు పెరిగే కాలం.

సదరం సర్టిఫికెట్ కిడ్నీ రోగికి ఎందుకు రాదు

జనాల్లో బాగా కన్‌ఫ్యూజన్ ఉన్న విషయం ఇది. చెయ్యి లేనివాళ్ళకి, చూపు లేనివాళ్ళకి సదరం (వైకల్యం ఎంతో తేల్చే ప్రభుత్వ వైద్య పరీక్ష) క్యాంపులో పర్సంటేజీ రాసి ఇస్తారు కదా, పూర్తిగా మంచాన పడ్డ మాకు ఎందుకివ్వరు అని. దీనికి జవాబు 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది. అందులో 21 రకాల వైకల్యాలు రాశారు, రక్తానికి సంబంధించి తలసీమియా, హిమోఫిలియా, సికిల్ సెల్ ఉన్నాయి, కిడ్నీ ఫెయిల్యూర్ లేదు, క్యాన్సర్ లేదు. అంచేత డయాలసిస్ రోగి ఎంత బలహీనంగా ఉన్నా ఆ జబ్బు పేరు మీద సదరం పర్సంటేజీ రాదు. సుగర్ వల్ల కాలు తీసేసినా, చూపు పోయినా దాన్ని బట్టి వస్తుంది, అది వేరే సంగతి.

దీని ప్రభావం రెండు చోట్ల పడుతుంది. ఒకటి, కిడ్నీ పెన్షన్‌కి దారి సదరం క్యాంపు వైపు లేదు, ఆసుపత్రి రికార్డు వైద్యారోగ్య శాఖ ద్వారా వెళ్ళాలి, కాబట్టి సదరం స్లాట్ కోసం నెలలు ఎదురు చూసేవాళ్ళు ఆ నెలలు పోగొట్టుకున్నట్టే. రెండోది పన్నులో, ఆదాయపన్నులో వికలాంగులకి 80యూ కింద 75,000, వైకల్యం 80 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే 1,25,000 తగ్గింపు ఉంది, అది కూడా సదరం లాంటి సర్టిఫికెట్ మీదే ఆధారపడింది. కిడ్నీ రోగికి ఆ సెక్షన్ పనికిరాదు, ఆయన వెళ్ళాల్సింది కొన్ని పెద్ద జబ్బుల వైద్య ఖర్చుకి తగ్గింపు ఇచ్చే 80డీడీబీకి. రెండు సెక్షన్ల పేర్లూ దగ్గరగా ఉండటంతో ఊళ్ళో రిటర్న్ వేసిపెట్టేవాళ్ళు కూడా ఒక్కోసారి ఒకదాని బదులు ఇంకొకటి వేసేస్తుంటారు, తర్వాత నోటీసు వస్తే చూపించడానికి సర్టిఫికెట్ ఉండదు.

2025 జనవరి నుంచి రాష్ట్రంలో ఆరోగ్య, వికలాంగ పెన్షన్ల తనిఖీ మొదలైంది, ముందు 15,000 తీసుకునే మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి డాక్టర్లని పంపారు, తర్వాత మిగతావాళ్ళకి క్యాంపులు పెట్టారు, ఆగస్టులో చాలామందికి నోటీసులు వెళ్ళాయి, గొడవ అయ్యాక అప్పీలు చేసుకునే అవకాశం ఇచ్చారు. గ్రామాల్లో ఎంపీడీవో, టౌన్లలో మున్సిపల్ కమిషనర్ దగ్గర అప్పీలు పెట్టాలి. బోగస్ సర్టిఫికెట్లు ఏరెయ్యడం అవసరమే, దాన్ని ఎవరూ కాదనరు. కాకపోతే ప్రతి తనిఖీలోనూ నిజంగా జబ్బున్న మనిషే మళ్ళీ లేచి వచ్చి నిరూపించుకోవాలి, ఆ కష్టం ఎక్కువ పడేది బోగస్ మనిషి మీద కాదు, లేవలేని మనిషి మీద.

పెన్షన్ ఇంటిని చూస్తుంది, పన్ను మనిషిని చూస్తుంది

అసలు ముడి ఇక్కడుంది. సామాజిక పెన్షన్లకి అర్హత కుటుంబం మొత్తానికి చూస్తారు. ఊళ్ళో నెల ఆదాయం 10,000, టౌన్లో 12,000 దాటకూడదు, మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు దాటకూడదు, ట్యాక్సీ ఆటో ట్రాక్టర్ కాక నాలుగు చక్రాల బండి ఉండకూడదు, కరెంటు నెలకి 300 యూనిట్లు దాటకూడదు, టౌన్లో ఇంటి స్థలం వెయ్యి చదరపు అడుగులు దాటకూడదు, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ ఆదాయపన్ను కట్టేవాళ్ళు గానీ ఉండకూడదు. ఇవన్నీ ఆధార్ ద్వారా కలిపి కంప్యూటర్‌లో చూస్తారు, సచివాలయం సర్వేలో ఎవరెవరు ఒకే ఇంట్లో ఉన్నట్టు నమోదైందో అదే కుటుంబం.

ఆదాయపన్ను చట్టానికి ఇల్లు అనే లెక్క లేదు, ఒక్కో పాన్‌కి ఒక్కో మనిషి. పైగా తండ్రి జబ్బుకి కొడుకు ఖర్చు పెడితే కొడుకు పన్నులో తగ్గించుకోమని అదే చట్టం చెబుతుంది. ఇప్పుడు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. వజ్రపుకొత్తూరులో తండ్రి డయాలసిస్ మీద ఉన్నాడు, కొడుకు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉద్యోగం చేస్తున్నాడు. పన్ను శాఖ దృష్టిలో కొడుకు తండ్రిని పోషిస్తున్న మనిషి, తగ్గింపుకి అర్హుడు. పెన్షన్ దృష్టిలో అదే కొడుకు ఇంటి మ్యాపింగ్‌లో (సచివాలయం సర్వే నమోదులో) ఉంటే తండ్రిని అనర్హుడిగా చేసే మనిషి. పన్ను వైపు కొడుకు నిజంగా పెట్టిన ఖర్చే లెక్క, పెన్షన్ వైపు కొడుకు డబ్బు పంపిస్తున్నాడా లేదా అన్నది చూడరు. పెళ్ళయ్యి వేరే ఊళ్ళో కాపురం ఉంటున్న పిల్లలు ఇంకా పాత మ్యాపింగ్‌లోనే ఉండిపోవడం ఈ జిల్లాల్లో మామూలు, ఎందుకంటే ఇక్కడ చాలా ఇళ్ళ నుంచి ఎవరో ఒకరు వలస వెళ్తారు గానీ కాగితం మీద ఊళ్ళోనే ఉంటారు.

ఇంకో భయం కూడా బాగా ఉంది, రిటర్న్ వేస్తే చాలు పెన్షన్ పోతుంది అని. రిటర్న్ వెయ్యడం, పన్ను కట్టడం రెండు వేర్వేరు పనులు. 2025-26 ఆర్థిక సంవత్సరంలో కొత్త విధానం (చాలా తగ్గింపులు లేని పన్ను పద్ధతి, తగ్గింపులు ఉన్నది పాత విధానం) కింద 12 లక్షల దాకా మామూలు ఆదాయానికి రిబేటు వల్ల పన్ను సున్నా, కానీ రిటర్న్ వెయ్యాల్సినవాళ్ళు వెయ్యాలి. బ్యాంకు లోను కోసమో రిఫండ్ కోసమో సున్నా రిటర్న్ వేసిన మనిషి పన్ను కట్టినట్టు కాదు. నిబంధన పన్ను కట్టేవాళ్ళ గురించే. అయినా తనిఖీలో పేరు తగిలితే చూపించడానికి పన్ను శాఖ పంపే ఇంటిమేషన్ ఒక కాపీ దగ్గర ఉంచుకోవాలి, అందులో కట్టాల్సిన పన్ను ఎంతో రాసి ఉంటుంది. ఆదాయ పరిమితి మాత్రం వేరే షరతు, పన్ను సున్నా అయినంత మాత్రాన నెలకి 10,000 లెక్క దాటినట్టు కాకుండా పోదు, ఈ తేడా చెప్పకుండా రిటర్న్ వేస్తే ఏం కాదు అని భరోసా ఇచ్చేయడం కూడా తప్పే.

ఒక వెసులుబాటు ఉంది. మామూలుగా ఇంటికి ఒకటే పెన్షన్, కానీ డయాలసిస్ లాంటి తీవ్రమైన జబ్బులకి అదే ఇంట్లో రెండో పెన్షన్‌కి అవకాశం ఉంచారు. అమ్మకి వృద్ధాప్య పెన్షన్ వస్తోంది కాబట్టి నాన్నకి రాదు అని అడగకుండానే ఊరుకున్న ఇళ్ళు ఉంటాయి, అలాంటివాళ్ళు ఒకసారి సచివాలయంలో అడగడం మంచిది.

80డీడీబీ: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి రాదు

ఈ సెక్షన్ కింద కిడ్నీ ఫెయిల్యూర్, క్యాన్సర్, హిమోఫిలియా, తలసీమియా, కొన్ని నరాల జబ్బుల ఖర్చుకి 40,000 దాకా, రోగికి అరవై దాటితే లక్ష దాకా ఆదాయంలోంచి తగ్గిస్తారు. ఇన్సూరెన్స్ నుంచో కంపెనీ నుంచో వచ్చిన డబ్బు అందులోంచి తీసెయ్యాలి. ఆరోగ్యశ్రీలో ఉచితంగా జరిగిన వైద్యానికి ఖర్చే లేదు కాబట్టి చూపించడానికీ ఏమీ ఉండదు, బయట కొన్న మందులు, ఇంజెక్షన్లు, టెస్టుల బిల్లులే పనికొస్తాయి.

నిజానికి ఎంత మిగులుతుందో చూద్దాం. అయిదు శాతం శ్లాబులోనే ఉన్న కొడుకుకి పాత విధానంలో రిబేటు వల్ల పన్నే ఉండదు, కాబట్టి మిగిలేదీ ఏమీ లేదు. ఇరవై శాతం శ్లాబులో ఉండి 40,000 తగ్గించుకుంటే మిగిలేది సెస్సుతో కలిపి 8,320 రూపాయలు, తండ్రికి అరవై దాటి లక్ష చూపిస్తే 20,800. అదీ పాత విధానంలో ఉంటేనే, కొత్త విధానంలో ఈ సెక్షన్ లేనే లేదు, 2023-24 నుంచి అడగకపోతే వర్తించేది కొత్త విధానమే. 12 లక్షల దాకా కొత్త దాంట్లో పన్నే లేనప్పుడు ఈ సర్టిఫికెట్ కోసం నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ స్పెషలిస్టు) దగ్గర సెలవు పెట్టుకుని కూర్చోవాల్సిన అవసరం ఇప్పుడు తక్కువమందికే ఉంది. హోమ్ లోను, పీఎఫ్ లాంటివన్నీ కలిపి పాత విధానమే లాభంగా ఉన్నవాళ్ళు మాత్రం చూసుకోవాలి. మిగతావాళ్ళు ఆ శ్రమ వేరే దాని మీద పెడితే నయం.

పాత విధానం కావాలనుకునేవాళ్ళకి ఒక తేదీ గండం ఉంది. వ్యాపార ఆదాయం లేనివాళ్ళు గడువులోపల రిటర్న్ వేస్తేనే పాత విధానం ఎంచుకోగలరు, గడువు దాటాక ఆలస్యపు రిటర్న్‌లో ఆ అవకాశం ఉండదు. జబ్బు వల్ల ఆలస్యమైన మనిషికి జబ్బు తగ్గింపే పోతుందన్నమాట. చట్టం రాసినప్పుడు ఇలా కలుస్తుందని ఎవరూ అనుకుని ఉండకపోవచ్చు, కానీ ఫలితం ఇదే.

సర్టిఫికెట్ ఎవరిస్తారన్నది ఇంకో చిక్కు. ప్రైవేటు వైద్యంలో కిడ్నీకి నెఫ్రాలజిస్ట్ గానీ యూరాలజిస్ట్ గానీ రాసిన ప్రిస్క్రిప్షన్ కావాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం అయితే అక్కడ ఫుల్ టైమ్ పనిచేసే జనరల్ మెడిసిన్ పీజీ చేసిన డాక్టర్ రాసినా చాలు, నెఫ్రాలజిస్ట్ దొరకడం కష్టమయ్యే ఈ జిల్లాల్లో ఇది పెద్ద సౌకర్యం, చాలామందికి తెలీదు. అందులో రోగి పేరు, వయసు, జబ్బు పేరు, డాక్టర్ పేరు, చదువు, రిజిస్ట్రేషన్ నంబరు, ఆసుపత్రి చిరునామా ఉండాలి. ఇచ్ఛాపురం, కవిటి వైపు నుంచి బరంపురం వెళ్ళి చూపించుకునేవాళ్ళు ఎక్కువ, పన్ను విషయంలో డాక్టర్ ఒడిశాలో ఉన్నా పర్లేదు, పెన్షన్‌కి మాత్రం మన రాష్ట్ర ఆసుపత్రి రికార్డే ఆధారం. ఒకే జబ్బు, ఒకే డాక్టర్, అయినా ఒక చోట చెల్లుతుంది, ఇంకో చోట చెల్లదు.

2025లో కొత్త ఆదాయపన్ను చట్టం చేశారు, అది 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తుంది, సెక్షన్ల నంబర్లన్నీ అందులో మారతాయి. 2025-26 ఆదాయానికి వేసే రిటర్న్‌కి మాత్రం పాత చట్టం, పాత నంబర్లే.

ఉద్యోగం చేసినవాళ్ళ సంగతి: ఈఎస్ఐ, పీఎఫ్

పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో, నెల్లిమర్ల, బొబ్బిలి వైపు జూట్ మిల్లుల్లో పనిచేసే కార్మికులకి ఇంకో దారి ఉంది, దాన్ని వాడుకునేది తక్కువ. నెల జీతం 21,000 దాకా ఉన్నవాళ్ళకి ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) వర్తిస్తుంది. మామూలు జబ్బుకి ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తారు. దీర్ఘకాలిక జబ్బుల జాబితా ఒకటి విడిగా ఉంది, అందులో 34 జబ్బులు, కిడ్నీ ఫెయిల్యూర్, క్యాన్సర్ రెండూ ఉన్నాయి, రెండేళ్ళ సర్వీసు, చందా రోజుల షరతు నిండితే రెండేళ్ళ దాకా 80 శాతం ఇస్తారు. 18,000 జీతగాడికి అది నెలకి 14,400, పెన్షన్ కంటే ఎక్కువ.

ఇక్కడ దెబ్బ పడేది వరసలో. జబ్బు అని తెలియగానే కంగారులో రాజీనామా ఇచ్చేస్తారు, లేదా కాంట్రాక్టర్ లెక్క తేల్చి పంపేస్తాడు, తర్వాత ఎవరో చెబితే ఈఎస్ఐ గుర్తొస్తుంది. ఉద్యోగంలో ఉండగా క్లెయిమ్ మొదలుపెట్టడానికీ, మానేశాక మొదలుపెట్టడానికీ చాలా తేడా ఉంది. రాజీనామా కాగితం మీద సంతకం పెట్టేముందు ఈఎస్ఐ డిస్పెన్సరీలో అడగడం ఒక్కటే ఇందులో ముఖ్యం.

పీఎఫ్‌లో జబ్బు కోసం అడ్వాన్సు ఎప్పటినుంచో ఉంది, ఆన్‌లైన్‌లో మెడికల్ సర్టిఫికెట్ లేకుండా సొంత డిక్లరేషన్ మీదే ఇస్తున్నారు. 2025 అక్టోబరులో పీఎఫ్ బోర్డు 13 రకాల విత్‌డ్రాలని మూడు రకాలుగా కలపాలని నిర్ణయించింది, జబ్బు అందులో ముఖ్య అవసరాల (ఎసెన్షియల్ నీడ్స్) కిందకి వస్తుంది. అయిదేళ్ళ సర్వీసు నిండకుండా మొత్తం తీస్తే, 50,000 దాటితే 10 శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేముందే పట్టుకునే పన్ను) కోస్తారు. ఒంట్లో బాగోక ఉద్యోగం పోయినవాళ్ళకి ఈ పన్ను లేదని చట్టంలోనే ఉంది, కానీ కంపెనీ పోర్టల్‌లో మామూలుగా మానేశాడు అని ఎక్కించేస్తే కంప్యూటర్‌కి జబ్బు సంగతి తెలీదు, కోసేస్తుంది. ఆ డబ్బు పోయినట్టు కాదు, రిటర్న్ వేస్తే తిరిగొస్తుంది.

రిఫండ్: అడిగితేనే వచ్చే డబ్బు

పొలం అమ్మో, ఎల్ఐసీ డబ్బు వచ్చో, ఆపరేషన్‌కని డిపాజిట్ చేసినదాని మీద బ్యాంకు టీడీఎస్ కొయ్యొచ్చు. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 50,000 వడ్డీ దాకా, సీనియర్ సిటిజన్లకి లక్ష దాకా కొయ్యరు. అది దాటే అవకాశం ఉంటే, పన్ను పడేంత ఆదాయం లేదు కొయ్యొద్దు అని చెప్పే 15జీ ఫారం, అరవై దాటినవాళ్ళు 15హెచ్ ఇస్తే సరిపోయేది, ఏటా ఏప్రిల్‌లో ఇవ్వాలి, ఏప్రిల్‌లో ఐసీయూలో ఉంటే ఎవరిస్తారు. తర్వాత అది రిఫండ్ పని అవుతుంది.

రిఫండ్‌కి పెద్ద అడ్డం పాన్, ఆధార్ లింకు. లింకు లేని పాన్ 2023 జులై 1 నుంచి పనిచెయ్యకుండా పోయింది, దాన్ని తిరిగి లేపడానికి వెయ్యి రూపాయల ఫీజు. పనిచెయ్యని పాన్ మీద టీడీఎస్ ఎక్కువ రేటులో కోస్తారు, 15జీ చెల్లదు, రిఫండ్ రాదు. ఎనభై దాటినవాళ్ళకి ఈ లింకు మినహాయింపు ఉంది. ఇంటిపేరు పాన్‌లో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉండటం మన దగ్గర మరీ ఎక్కువ, ముందు ఆధార్ సరిచెయ్యాలి, తర్వాత పాన్, తర్వాత లింకు, ఒక్కోదానికీ మనిషి ఒకసారి కదలాలి.

ఆలస్యపు రిటర్న్ డిసెంబరు 31 దాకా వెయ్యొచ్చు. అదీ దాటితే చాలామంది వదిలేస్తారు, లేదా అప్‌డేటెడ్ రిటర్న్ వేద్దామంటారు, దాంట్లో రిఫండ్ అడగడం కుదరదు. ఇంకో దారి ఉంది, ఆలస్యాన్ని మన్నించమని దరఖాస్తు. పాత చట్టంలో అది 119(2)(బీ), 2024 అక్టోబరు 1 సర్క్యులర్ ప్రకారం అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరం తర్వాతి ఏడాది) ముగిసిన అయిదేళ్ళ లోపల పెట్టొచ్చు, కోటి దాకా ఉన్న కేసులు ప్రిన్సిపల్ కమిషనర్ స్థాయిలోనే తేలతాయి. నిజమైన కష్టం వల్ల ఆలస్యమైందని చూపించాలి, ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీలు, డయాలసిస్ రికార్డు దానికి గట్టి ఆధారాలు. మూడు నాలుగు వేల రిఫండ్‌కి ఇంత అవసరమా అంటే అది ఇంటివాళ్ళ ఇష్టం, పీఎఫ్ మీద కోసిన ఇరవై ముప్పై వేలైతే అవసరమే.

వేలిముద్ర, ఒరిజినల్ బిల్లు, మారిన జిల్లా

పలాస, కాశీబుగ్గ జీడి బట్టీల్లో ఏళ్ళ తరబడి గింజలు ఒలిచినవాళ్ళ వేళ్ళు చూస్తే రేఖలుండవు, పిక్కలోంచి వచ్చే జీడి చర్మాన్ని కాల్చేస్తుంది. పెన్షన్, రేషను ఈకేవైసీ, బ్యాంకు, అన్నీ ఆ వేలి మీదే ఆధారపడ్డాయి. కంటిపాప, ముఖం ద్వారా చూసే పద్ధతులు ఇప్పుడు ఉన్నాయి, వేలు పడలేదని వెనక్కి పంపితే వాటిని అడగాలి. పెన్షన్ ఒకటి రెండు నెలలు తీసుకోలేకపోతే మూడో నెల కలిపి ఇస్తున్నారు, వరసగా మూడు నెలలూ తీసుకోకపోతే వలస వెళ్ళిపోయినట్టు లెక్కేసి ఆపుతారు, విశాఖలో ఎక్కువ రోజులు అడ్మిట్ అయ్యేవాళ్ళు ముందే సచివాలయంలో చెప్పి పెట్టుకోవడం మేలు.

బిల్లుల విషయంలో సీఎం సహాయనిధి ఒరిజినల్ అడుగుతుంది, ఇన్సూరెన్స్ ఒరిజినల్ అడుగుతుంది, కంపెనీ ఒరిజినల్ అడుగుతుంది, ఉన్నది ఒకటే సెట్టు. ఎవరికి ఏది ఇస్తున్నారో రాసి, ఇచ్చేముందు మొత్తం ఫోటోలు తీసి పెట్టుకోకపోతే తర్వాత పన్ను నోటీసుకి చూపించడానికి ఏమీ మిగలదు. రైల్లో డయాలసిస్‌కి వెళ్ళే కిడ్నీ రోగికి, తోడు వచ్చే ఒకరికి స్లీపర్‌లో 75 శాతం రాయితీ ఉంది, దానికి ఆసుపత్రి ఇచ్చే ఫారం మళ్ళీ వేరు. ఇచ్ఛాపురం నుంచి విశాఖకి నెలకి ఎన్నోసార్లు తిరిగే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి, రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస విజయనగరంలోకి వెళ్ళాయి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది. ఆధార్‌లో శ్రీకాకుళం, రేషను కార్డులో విజయనగరం ఉన్న రోగులు ఈ వైపు బాగా ఉన్నారు. చట్టం ప్రకారం పాత సర్టిఫికెట్లు చెల్లకుండా పోలేదు, కానీ పోర్టల్‌లో జిల్లా కాలమ్ కలవకపోతే దరఖాస్తు అక్కడే ఆగుతుంది, ఆపిందెవరో కౌంటర్‌లో మనిషికీ తెలీదు.

మనిషి పోయాక మిగిలే పనులు

రోగి చనిపోయినా కాగితాలు ఆగవు. 2024 నవంబరు నుంచి భర్త పెన్షన్ తీసుకుంటూ చనిపోతే భార్యకి కొత్త దరఖాస్తుల కోసం ఎదురుచూడకుండా 4,000 పెన్షన్ ఇస్తున్నారు, మరణ ధృవీకరణ పత్రం సచివాలయంలో ఇవ్వాలి. ఇంటికి వచ్చే డబ్బు పదివేల నుంచి నాలుగు వేలకి పడిపోతుంది, అప్పు మాత్రం అంతే ఉంటుంది.

పీఎఫ్ మీదో డిపాజిట్ మీదో కోసిన టీడీఎస్ ఉంటే చనిపోయిన మనిషి రిటర్న్ వారసులు వెయ్యొచ్చు. ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో ముందు వారసులుగా నమోదవ్వాలి, చనిపోయిన మనిషి పాన్, మరణ ధృవీకరణ పత్రం, తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం కావాలి, రిఫండ్ వారసుల బ్యాంకు ఖాతాకి వస్తుంది. ఇందులో ఆలస్యమయ్యేది ఎక్కువగా తహసీల్దార్ పత్రమే. పీఎఫ్‌కి నామినీ ఎక్కించి లేకపోయినా, బ్యాంకులో నామినీ లేకపోయినా అదే పత్రం అడుగుతారు, అందుకని దానికే మొదట దరఖాస్తు పెట్టి, రెండు మూడు ఒరిజినల్ కాపీలు తీసుకోవాలి.